ఇద్దరికే చోటున్న బండి

2013 ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంత్రం మాస్టారు షెడ్డుకొచ్చారు. పద్మినీ కారు తెచ్చారేమో, కార్బురేటర్ శుభ్రం చేయాలేమో అనుకుని కుర్రాణ్ణి కేకేయబోయాను. "బండి బాగానే ఉందయ్యా, నీతోనే పని" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి రెండు ఫొటోలు తీసి, ఆయిలు మరకలేని చోటు చూసి బల్ల మీద పెట్టారు. ఒకటి ఎర్ర కారు, ఒకటి పసుపుపచ్చ కారు. రెండిట్లోనూ ఇద్దరికే చోటు.

"వీటిలో ఏది కొనుక్కోమంటావు?"

"ఎవరికండీ? అమెరికా అబ్బాయి గారు వచ్చేస్తున్నారా?"

"మాకే. నాకూ మీ అమ్మగారికీ. ఇప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరమే కదా."

ఆయన అంతకు రెండేళ్ల క్రితమే లెక్చరర్ ఉద్యోగంలో రిటైరయ్యారు. ఆయన ప్రీమియర్ పద్మినీకి 22 ఏళ్లుగా నేనే మెకానిక్‌ని. విజయవాడ ఆటోనగర్‌లో నేను పానా పట్టి అప్పటికి 30 ఏళ్లు దాటింది. లారీలు, జీపులు, అంబాసిడర్లు, మారుతీలు, ఎన్నిటినో విప్పి బిగించాను. ఇలాంటి ప్రశ్న మాత్రం నన్నెవరూ అడగలేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లకి మైలేజీ ఎంత, ఎంతమంది పడతారు, మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది అనేవే కావాలి. వెనక సీటు లేని బండిని కావాలని కొనుక్కునే మనిషిని అదే మొదటిసారి చూడటం.

సంగతేమిటంటే, ఆ ముందు వేసవిలో ఇద్దరూ డల్లాస్‌లో కొడుకు దగ్గర ఉండి వచ్చారు. ఆ అబ్బాయి దగ్గర మాజ్డా మియాటా ఉంది. ఓ ఆదివారం టాపు తీసేసి తండ్రిని ఒకసారి, తల్లిని ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్లాడు. అమ్మగారు తిరిగొచ్చి, "నలభై ఏళ్లుగా కారెక్కుతున్నాను, ఎండా గాలీ తగలడం ఇప్పుడే" అన్నారట. ఆ మాట మాస్టారి మనసులో ఉండిపోయింది. ఆ బండినే తెచ్చుకుందామంటే కుదరదు. అమెరికా బండికి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, దాన్ని ఇక్కడికి దించుకోనివ్వరు. మాజ్డా మన దేశంలో ఆ కారు అమ్మలేదు. 1989లో చికాగో ఆటో షోలో బయటికొచ్చిన ఆ చిన్న కారు ప్రపంచమంతా లక్షల్లో అమ్ముడుపోయింది, మనకి మాత్రం ఫొటోల్లో చూసుకునే బండిగానే ఉండిపోయింది.

మధ్యతరగతి మనిషి అందుకోగల ఇద్దరి స్పోర్ట్స్ కారు మన దేశంలో ఏముందని వెతికితే మాస్టారికి తేలినవి ఈ రెండే. ఎర్రది శాన్ స్టార్మ్. బెంగళూరు శాన్ మోటార్స్ వాళ్లది. ఫ్రాన్స్ రెనో కంపెనీ 1149 సీసీ ఇంజిను, 60 గుర్రాల బలం, ముందు చక్రాలు లాగే బండి. పసుపుపచ్చది చింకారా రోడ్‌స్టర్. ముంబయి అవతల అలీబాగ్ దగ్గర చేసింది. 1957లో ఇంగ్లండులో వచ్చిన లోటస్ సెవెన్ రూపం దానిది: పొడుగాటి ముక్కు, బయటికి తేలిన చక్రాలు, తలుపుల్లేవు. వెనక చక్రాలు తోస్తాయి. రెండూ ఫైబర్ బాడీలే, రెండూ చాలా కొద్దిగా తయారైనవే. ఎర్ర బండి బెంగళూరులో, పసుపు బండి హైదరాబాద్‌లో అమ్మకానికి ఉన్నాయి. అడిగిన ధరలు ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి.

నేను ఫొటోలు రెండోసారి చూడకుండానే చెప్పాను, పసుపుదే తీసుకోండి అని.

కారణం ఇంజిను. చింకారాలో ఉన్నది జపాన్ ఇసుజు వాళ్ల 1817 సీసీ ఇంజిను. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ముందు కాంటెస్సాలో, తర్వాత 90ల్లో అంబాసిడర్‌లో పెట్టింది అదే. రైల్వే స్టేషన్ బయట టాక్సీ స్టాండులో ఈ ఇంజిను అంబాసిడర్లు వరసగా ఉండేవి. పెళ్లిళ్లకి ఉయ్యూరు, కైకలూరు, అవనిగడ్డ దాకా తిరిగి, ఒక్కో బండి నా షెడ్డుకి ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చేది. ఆ ఇంజిను ఏ స్పీడులో ఎలా మోగుతుందో, ట్యాపెట్లు ఎప్పుడు లూజవుతాయో, హెడ్ గ్యాస్‌కెట్ పోయేముందు రేడియేటర్‌లో బుడగలు ఎలా వస్తాయో నాకు కంఠతా వచ్చు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసినా ఆటోనగర్‌లో ఎవరో ఒకరి దగ్గర దాని పిస్టన్ రింగులు ఉంటాయి.

సామాను దొరకడం అంటే ఏమిటో బయటివాళ్లకి అంత సులువుగా అర్థం కాదు. మా జవహర్ ఆటోనగర్‌లో ఒక వీధి పొడుగునా లారీ బాడీలు కట్టేవాళ్లుంటారు, ఇంకో చోట కమాను కట్టలు వేసేవాళ్లు, ఇంకో చోట లేత్ మిషన్లు. షాఫ్టు అరిగితే మెటల్ పోసి మళ్లీ కొలతకి తిప్పిస్తాం. క్లచ్ ప్లేటు అరిగితే పాత లైనింగు ఊడగొట్టి కొత్తది రివిట్ చేయిస్తాం. రేడియేటర్ కారితే కొత్త కోర్ వేసేవాడు రెండు సందుల అవతలే ఉంటాడు. నాకు పని నేర్పిన గురువుగారు ఒకటే అనేవారు: బండి కొనేవాడు మొదట దాని డొక్కు బండి ఎక్కడ దొరుకుతుందో చూసుకోవాలి, కొత్త బండి తర్వాత. ఆ లెక్కన చింకారాకి దేశం నిండా డొక్కు అంబాసిడర్లున్నాయి. శాన్ స్టార్మ్‌లో ఉన్న రెనో ఇంజిను నాకు తెలిసి మన రోడ్ల మీద ఇంకే కారులోనూ రాలేదు.

ఇంకో మాట కూడా పసుపు బండి వైపే మొగ్గింది. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. హైదరాబాద్ బండికి పేరు మార్చుకుంటే చాలు. బెంగళూరు బండి అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్లీ కట్టాలి, నంబరు మార్చాలి.

"అయితే రేపు ఆదివారమే వెళ్దాం. మీ అమ్మగారు కూడా వస్తుంది" అన్నారు మాస్టారు.

పద్మినీలోనే బయల్దేరాం. నందిగామ, సూర్యాపేట మీదుగా పదకొండు గంటలకి హైదరాబాద్‌లో ఉన్నాం. బండి ఓనరు మర్యాదస్తుడు. తాళంచెవి ఇచ్చేసి, మీ ఇష్టం వచ్చినట్టు చూసుకోండి అన్నాడు.

ఫైబర్ బాడీని ఎలా చూడాలో నాకు నేర్పింది కార్లు కాదు, పడవలు. బందరు దగ్గర గిలకలదిండి రేవులో ఫైబర్ పడవలకి ఇంజిన్లు బిగించడానికి రెండేళ్లు వెళ్లొచ్చాను. అక్కడ పడవ బాగుచేసే మనిషి చేతిలో ఎప్పుడూ ఒక రూపాయి బిళ్ల ఉండేది. దానితో బాడీ మీద జానకోసారి తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్న చోట టక్కుమని తెగిన చప్పుడొస్తుంది. లోపల మ్యాటూ రెజినూ విడిపోయిన చోట బోలుగా, చచ్చినట్టు మోగుతుంది. పైన రంగు ఎంత మెరుస్తున్నా బిళ్ల అబద్ధం చెప్పదు. నేను ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనక దాకా తట్టుకుంటూ వచ్చాను. ఎడమవైపు వెనక మడ్‌గార్డు దగ్గర అరచేయంత మేర బోలు. రాయి తగిలి ఉంటుంది. గోకి మ్యాటు రెండు పొరలు వేసి, రెజిన్‌లో హార్డెనర్ సరిగ్గా కలిపి పోస్తే ఒక్కరోజు పని. మిగతాదంతా గట్టిగా ఉంది.

సెల్ఫ్ కొట్టగానే ఇంజిను పట్టుకుంది. కళ్లు మూసుకుంటే మా టాక్సీ స్టాండులో నిలబడ్డట్టే ఉంది. ప్లగ్గులు విప్పితే నాలుగూ లేత ఇటుకరంగులో ఉన్నాయి. అంటే పెట్రోలు సమంగా కాలుతోంది, ఆయిలు పైకి రావడం లేదు. అప్పుడు ఓనరు పక్కన కూర్చుంటే నేనే నడిపాను. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంది. అదే ఇంజిను అంబాసిడర్‌లో టన్నుకి పైగా ఇనుము మోసుకుంటూ ఆయాసపడేది. ఇక్కడ మోయడానికి బరువే లేదు. మూడో గేరులో కాలు వేస్తే వెనకనుంచి ఎవరో అరచేత్తో నడుం పట్టుకుని తోసినట్టయింది. చేయి కిందికి జారిస్తే రోడ్డు తగిలేటంత దగ్గరగా ఉంది. ముందు చక్రాలు తిరగడం కళ్లెదుటే కనపడుతోంది. ముప్పై ఏళ్లు బండ్ల కింద పడుకున్నాను గానీ, బండి నడపడంలో ఇంత సంతోషం ఉందని ఆ పది నిమిషాల్లోనే తెలిసింది. దిగి, "మాస్టారూ, ఇదే" అన్నాను.

మాస్టారు కూడా ఓ చుట్టు తిరిగొచ్చారు. ఆయన మొహం వెలిగిపోతోంది. "రా, ఎక్కు" అన్నారు అమ్మగారితో.

ఆవిడ బండి పక్కకొచ్చి నిలబడ్డారు. తలుపు లేదు. బాడీ పక్కభాగం మోకాలు దాటిన ఎత్తులో ఉంది. ఎక్కాలంటే కాలెత్తి దానిమీంచి లోపలికి వేసి, సీటు మీద నిలబడి, కాళ్లు ముందుకి జార్చి కూర్చోవాలి. పైగా మేం చూసిన ఆ బండికి సైలెన్సర్ గొట్టం ఎడమవైపు బయటే ఉంది, అప్పుడే తిరిగొచ్చి కాగి ఉంది. ఆవిడ కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేయి వెనక కడ్డీ మీద వేసి, ఒక క్షణం ఆగారు. మళ్లీ కడ్డీ వదిలేసి, చీర సర్దుకుని వెనక్కి జరిగారు. "మీరు తిరిగి రండి, నేనిక్కడ కూర్చుంటాను" అన్నారు.

నేను బోనెట్ మూస్తూ అది చూశాను. చూసి కూడా దాన్ని బండి లోపంగా లెక్కేసుకోలేదు. అలవాటైతే ఎక్కుతారులే అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో సూర్యాపేట దగ్గర టీకి ఆగాం. నేను ఉత్సాహంగా బేరం ఎంత దాకా తగ్గించొచ్చో చెబుతున్నాను. అమ్మగారు గ్లాసు కింద పెట్టి, కోపమేమీ లేకుండానే అడిగారు.

"ఏం నాయనా, ఆ బండికి అన్నీ తట్టి చూశావు కదా. దసరాకి పట్టుచీర కట్టుకుని అమ్మవారి గుడికి వెళ్లాలంటే నేనందులో ఎలా ఎక్కాలి?"

నా దగ్గర జవాబు లేదు. మాస్టారు బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. విజయవాడ చేరేదాకా బండిలో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఇంజిన్ని చూశానే తప్ప బండిని చూడలేదు. ఈ పసుపు బండి మా నేల మీద ఎక్కడ తిరుగుతుంది అని కూడా ఆలోచించలేదు. డెల్టాలో నల్లరేగడి భూమి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిచ్చి కుంగుతుంది. దానిమీద ఎంత మంచి రోడ్డు వేసినా నాలుగేళ్లకి అలలు తేలుతుంది. కాలవగట్ల రోడ్లకి ఊరూరా స్పీడు బ్రేకర్లు, అందులో సగం ఊళ్లో వాళ్లు సొంతంగా పోసుకున్నవి. ఇంకోటి, ఫిబ్రవరి మార్చి నెలల్లో వరి తర్వాత వేసిన మినుము కోసి రోడ్ల మీద పరుస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయ పగిలి గింజ రాలుతుందని. ఆ ఎండు కట్టె బండి కింద ఇరుక్కుని ప్రొపెల్లర్ షాఫ్టుకి తాడులా చుట్టుకుంటుంది, కాగిన సైలెన్సర్‌కి తగిలితే అంటుకుంటుంది. పామర్రు దాటాక ఒక కారు అలా నడిరోడ్డు మీద కాలిపోవడం నేను కళ్లారా చూశాను. అరచేయెత్తున నడుస్తూ, గొట్టం పక్కన బయటపెట్టుకున్న బండిని ఆ మినుము మీదికి ఎలా పంపుతాను?

పొద్దున్నే ఒక కర్ర తీసుకుని దానికి రెండు గాట్లు పెట్టాను. ఒకటి నేను హైదరాబాద్‌లో చేత్తో కొలుచుకొచ్చిన చింకారా ఆయిల్ ఛాంబరు ఎత్తు. రెండోది పద్మినీ ఎత్తు. స్కూటర్ మీద మాస్టారు ఉండే మొగల్రాజపురం నుంచి కంకిపాడు దాకా వెళ్తూ ప్రతి స్పీడు బ్రేకర్ దగ్గరా దిగి కర్ర ఆనించాను. పసుపు బండి నాలుగు చోట్ల ఖాయంగా తగులుతుంది. అడుగున తగిలేది ఆయిల్ ఛాంబరు. అది పగిలితే ఆయిలంతా రోడ్డు మీదే.

ఆ మధ్యాహ్నం మాస్టారి ఇంటికెళ్లి, నిన్న తొందరపడ్డానండీ, ఎర్ర బండి చూడకుండా మాటివ్వకూడదు అన్నాను. అమ్మగారు మజ్జిగ ఇచ్చారు.

రెండు వారాల తర్వాత రాత్రి రైల్లో బెంగళూరు వెళ్లాం. ఈసారి నేను మొదట అమ్మగారినే ఎక్కమన్నాను. బండికి తలుపులున్నాయి, అద్దాలున్నాయి. కూర్చోవడానికి బాగా కిందికి వంగాలి గానీ, ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంటే చీరకి ఇబ్బంది లేదు. ఆవిడ కూర్చుని, తలుపు వేసుకుని, గుడ్డ టాపు కేసి చూసి, "ఇది తీస్తే ఆకాశం కనపడుతుందా?" అన్నారు. మాస్టారు లాకులు తీసి టాపు వెనక్కి మడిచారు. ఇద్దరూ కాసేపు అలాగే కూర్చున్నారు, ఇంజిను స్టార్ట్ చేయకుండానే.

నడిపి చూస్తే నాకు ఆ రోజు హైదరాబాద్ సంతోషం రాలేదు. ఉన్నమాట చెప్పాలి. 60 గుర్రాలు ఎంత లాగాలో అంతే లాగాయి. ముందు బండిని దాటాలంటే గేరు దించి ఆలోచించుకుని దాటాలి. అయితే స్టీరింగ్ తేలిక, మలుపులో ఒళ్లు వాలడం లేదు, కింద కూర్చున్నందువల్ల 60 కిలోమీటర్ల వేగం 90లా అనిపిస్తుంది. అరవై ఏళ్ల వాళ్లకి అది చాలు. చాలడమే కాదు, నా ఉద్దేశంలో అదే మంచిది.

బిళ్ల తీసి తట్టాను. తలుపు కీళ్ల దగ్గర సాలెగూడులా సన్నని పగుళ్లు, పైపొరలోనే. కార్పెట్ ఎత్తితే కింద చెమ్మ. టాపు కుట్లు వదిలి వాన లోపలికి దిగుతోంది. ఇప్పుడు ఎవరు పాత కారు కొన్నా కార్పెట్ ఎత్తి చూడందే డబ్బివ్వొద్దని చెబుతాను. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత మా షెడ్డుల ముందు నిలబడ్డ బండ్లలో ఇంజిను బాగుపడినవి చాలా ఉన్నాయి. సీటు కింద, కార్పెట్ కింద తడిసిన వైర్లూ కంప్యూటర్ పెట్టెలూ మాత్రం నెలల తరబడి మమ్మల్ని ఏడిపించాయి.

అసలు ప్రశ్న ఇంజినే. దాన్ని నేనెలా బతికించాలి?

ఓనరుని రెండు గంటలు సమయం అడిగి, జాకీ మీద లేపి, నోటు పుస్తకం తీసుకుని కిందికి దూరాను. ఏ బండినైనా సామాన్ల కుప్పగా విడదీసి చూస్తే భయం తగ్గుతుంది. బేరింగుల సంగతే తీసుకోండి. వాటికి ఏ కారు అన్నదానితో పని లేదు. అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6205 అని ఉంటే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి అంచు 52, మందం 15. అది ఫ్రాన్స్‌లో అయినా ఆటోనగర్‌లో అయినా అంతే. ఆయిల్ సీళ్లూ కొలతతోనే దొరుకుతాయి. బ్రేకు లైనింగులు, క్లచ్ లైనింగు, రేడియేటర్ కోర్, సైలెన్సర్, రబ్బరు బుష్షులు, ఇవన్నీ మా వీధుల్లో తయారయ్యేవే. ఒక్కొక్కటే రాసుకుంటూ ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ పోయాను. చివరికి టిక్కు పడనివి కొన్నే మిగిలాయి. టైమింగ్ బెల్టు, దాని టెన్షనర్, వాటర్ పంపు, డ్రైవ్ షాఫ్టు జాయింట్లు, ఇగ్నిషన్ కాయిలు, రెండు సెన్సర్లు, కంప్యూటర్ పెట్టె.

వీటిలో నన్ను భయపెట్టింది బెల్టు. పైనున్న క్యామ్‌షాఫ్టునీ కిందున్న క్రాంక్‌నీ కలిపి తిప్పేది అదే. దాని పళ్లు ఎన్ని, ఎంత వెడల్పు, పన్ను వంపు ఎలాంటిది, ఇవన్నీ ఆ ఇంజినుకి మాత్రమే సరిపోతాయి. ఇంకో కారుది పెట్టడానికి లేదు, లేత్ మీద చేయడానికి లేదు. రబ్బరు కాబట్టి బండి తిరిగినా తిరక్కపోయినా ఏళ్లు గడిస్తే ముదిరిపోతుంది. ఆ బండికి బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేదు.

అప్పుడు మాస్టారు అడిగారు: "ఈ ఇంజిను ఇంకెక్కడైనా ఉందా, ప్రపంచంలో?"

ఉంది. యూరప్ నిండా ఉంది. రెనో వాళ్ల ట్వింగో, క్లియో కార్లలో వచ్చింది అదే. ఇంగ్లండులో ఏ చిన్న ఊళ్లో స్పేర్స్ షాపుకెళ్లినా క్లియో 1.2 టైమింగ్ బెల్టు కిట్టు అంటే తీసిస్తారు. మాస్టారి పాత విద్యార్థులు ముగ్గురు నలుగురు ఇంగ్లండులోనే ఉద్యోగాలు చేస్తున్నారు. నా గురువుగారు చెప్పిన డొక్కు బండి సముద్రాల అవతల ఉంది. మన పిల్లలు కూడా అక్కడే ఉన్నారు కదా.

"మాస్టారూ, ఒక షరతు మీద ఎర్రదే తీసుకోండి. బెల్టు కిట్లు రెండు, వాటర్ పంపు ఒకటి, కాయిలు ఒకటి ముందు తెప్పించండి. అవి నా చేతిలో పడేదాకా బండి స్టార్ట్ చేయొద్దు. లారీ మీద తెచ్చుకుందాం."

ఆయనకి ఆ చివరి మాట నచ్చలేదు. బెంగళూరు నుంచి ఇద్దరూ టాపు తీసుకుని హాయిగా నడుపుకుంటూ రావాలని ఆశపడ్డారు. నేను ఒప్పుకోలేదు. పావుగంట ట్రయలు వేరు, 600 కిలోమీటర్లకి పైగా దారి వేరు. చిత్తూరు ఘాటులో బెల్టు తెగితే ఆ ఇద్దరూ రాత్రిపూట రోడ్డు పక్కన నిలబడాలి. ఎన్‌వోసీ వచ్చాక ఏప్రిల్లో బండి లారీ మీదే ఆటోనగర్‌కి వచ్చింది. వేసవి సెలవులకి వచ్చిన ఒక పాత విద్యార్థి బట్టల మధ్య చుట్టి కిట్లు తెచ్చిపెట్టాడు.

కవరు విప్పి పాత బెల్టు బయటికి తీశాను. పైకి బాగానే ఉన్నట్టుంది. బొటనవేలు మీద వెనక్కి వంచితే పళ్ల మొదట్లో సన్నగా, వెంట్రుకంత గీతలు నోరు తెరిచాయి. మూడు పళ్లు దాటి నాలుగో దాని దగ్గర లోపలి దారం కనపడుతోంది. మాస్టారిని పిలిచి వంచి చూపించాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, తర్వాత లారీ మాట మళ్లీ ఎత్తలేదు.

మిగతా పని వేగంగానే అయింది. టాపుకి ఆటోలకి హుడ్లు కుట్టే అతని దగ్గరికెళ్తే, మూడు రోజుల్లో మందపాటి గుడ్డతో పాతదాని కొలతకే కుట్టి, కుట్ల లోపలివైపు టేపు అంటించి ఇచ్చాడు. స్ప్రింగుల పైన అర అంగుళం మందాన లేత్ మీద తిప్పించిన అల్యూమినియం బిళ్లలు పెట్టాను. అంతకు మించి లేపితే డ్రైవ్ షాఫ్టుల కోణం మారి జాయింట్లు అరిగిపోతాయి, అవి ఆ బండికి ఇక్కడ దొరకని సామాను. నా గాట్ల కర్రకి ఎర్ర బండి ఎత్తున ఇంకో గాటు పెట్టి మళ్లీ కంకిపాడు దాకా వెళ్లొచ్చాను. కర్ర ఒక్కచోటే తగిలింది. అక్కడ ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించుకుంటూ పోవాలని మాస్టారికి చూపించాను.

మొదటి ప్రయాణం కరకట్ట మీద. యనమలకుదురు దాటితే ఒక పక్క కృష్ణ, ఒక పక్క అరటి, పసుపు, చెరకు తోటలు. ఉదయం ఐదున్నరకి బయల్దేరి, మోపిదేవిలో దర్శనం చేసుకుని, ఎండెక్కకముందే తిరిగొచ్చేశారు. వెనక నేను స్కూటర్ మీద టూల్స్ సంచీతో రొయ్యూరు దాకా వెళ్లాను, ఏమైనా అవుతుందేమోనని. ఏమీ కాలేదు. రెండు మలుపుల తర్వాత వాళ్లు నాకు కనపడలేదు కూడా.

అనుకోనిది ఇంకోటి జరిగింది. అమ్మగారు పద్మినీ ఎప్పుడూ నడపలేదు. స్టీరింగ్ పక్కన గేరు, రాయిలాంటి స్టీరింగ్, కాలికి అందని క్లచ్. ఈ బండి స్టీరింగ్ ఒక్క వేలికి తిరుగుతుంటే ఆవిడకి సరదా పుట్టింది. ఆ డిసెంబరులో, 58 ఏళ్ల వయసులో, లైసెన్సు తెచ్చుకున్నారు. 2016లో మాస్టారికి కంటి ఆపరేషన్ అయ్యాక నడిపేది ఎక్కువగా ఆవిడే. ఇంజిను చప్పుడు మారితే మాస్టారి కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. "ముక్కుతున్నట్టుంది, మేస్త్రీ" అని ఫోన్ చేస్తారు. వెళ్లి చూస్తే ఏ వ్యాక్యూమ్ పైపో పగిలి ఉంటుంది.

పసుపు చింకారాని తర్వాత ఎవరో కుర్రాడు కొనుక్కున్నాడని విన్నాను. మంచి బండి. పాతికేళ్ల వయసుండి, నున్నటి రోడ్డు పక్కన ఇల్లుండి ఎవరైనా వచ్చి అడిగితే నేనిప్పటికీ అదే కొనమంటాను. హైదరాబాద్‌లో ఆ పది నిమిషాలూ నేను మర్చిపోలేదు. కాకపోతే ఇప్పుడు ఎవరు ఏ బండి గురించి అడిగినా, పక్క సీటులో ఎవరు కూర్చుంటారో ముందు వాళ్లని కూడా షెడ్డుకి తీసుకురమ్మంటాను. వాళ్లు ఎక్కి దిగడం చూశాకే బోనెట్ ఎత్తుతాను.

రెండో బెల్టు 2018 మేలో వేశాను. మూడోది బర్మింగ్‌హామ్‌లో ఉన్న మాస్టారి పాత విద్యార్థి పోస్టులో పంపాడు, 2023లో మార్చాను. తీసిన పాతది ఈసారి వంచినా గీత పడలేదు, ఇంకో రెండేళ్లు తిరిగేదే. అయినా మార్చేశాను. నాలుగో కిట్టు నా బీరువాలో, ఎండ తగలని అరలో, పేపర్లో చుట్టి ఉంది. పెట్టె మీద నా చేత్తో స్కెచ్ పెన్నుతో రాసి పెట్టుకున్నాను: అమ్మగారి బండి, మే 2028.